‘ఇంజెన్యువస్’ దండయాత్ర

ప్రచండమార్తాండుడు పడమటి కిటికీలపై దండెత్తగా, పంకా వేడిగాలిని చిలికి చిలికి అలసిన ఆ అపరాహ్ణవేళ, నిఘంటు కార్యాలయపు మూడవ అంతస్తున, కాగితపు దొంతరల నడుమ, ఆంగ్లపదగజయూథకంఠీరవుడు, అర్థప్రదానదీక్షాదక్షుడు, పన్నెండేండ్లుగా సందేహాల పెట్టెలో ఒక్క చీటీనైనను వేసి ఎరుగని అఖండకీర్తిశాలి యగు ఉపసంపాదకుడొకడు కొలువుదీరి యుండెను. ఆ మహానుభావుణ్ణి నేనే.

ఒక్కొక్క ఆంగ్లపదము ఒక్కొక్క చీటీపై మాకడకు వచ్చును; అర్థము తెలియనిచో ఆ చీటీని పెట్టెలో వేయవలెను. మూడున్నరకు ప్రధాన సంపాదకులవారు పెట్టె తెరచి, వేసినవాడెవడని అందరి యెదుట అడుగుదురు. నాలుగింటికి పుట అచ్చునకు పోవును. ఇట్టి సంకటసమయమున నా బల్లపై వాలినది ఆ శత్రువు: ఇంజెన్యువస్.

దాని ముఖమైనను నేనెన్నడు చూచి యెరుగను. అయినను వెనుదీయుదునా! కలమను కరవాలమును ఝళిపించి, ‘అనిర్వచనీయగుణవిశేషసమన్వితుడు’ అని లిఖించి టైపిస్టమ్మకు పంపితిని.

ఆమె కళ్లజోడు ముక్కుమీదికి జార్చుకొని లేచి వచ్చెను.

“ఏంటండీ బాబూ ఇది? చీటీ దాటి బల్లమీదకొచ్చేసింది. ఇంతకీ అర్థం ఏంటి?”

“ఓ యక్షరలక్ష్మీ! సాగరగాంభీర్యమును చెంచాతో కొలువబూనెదవా? మహాపదముల మర్మము మహామతులకే గోచరము!”

“అంటే మీకు తెలీదన్నమాట. తెలీకపోతే తెలీదనండి, కొంపలేం మునిగిపోవు. ఇది నమ్మి చదువుకునే పిల్లల గతేంటండీ?”

ఆ మాట సూటిగా గుండెలో దిగెను. నిజముగనే సిగ్గుపడితిని.

పెట్టె తొమ్మిదడుగుల దూరము. పక్కబల్ల వ్యాకరణ పండితుడు తల యెత్తి గుడ్లప్పగించి చూచుచుండగా, ఆ చీటీతోపాటు పన్నెండేండ్ల కీర్తిని చేతులార పెట్టె చిల్లులో జారవిడిచితిని.

మూడున్నరకు సంపాదకులవారు చీటీ తీసి, “ఎవరిదిది?” అనిరి.

“నాదేనండీ. నాకు తెలీదండీ.”

ఆయన చీటీని దగ్గరగా పట్టుకొని చూచి, దూరముగా పట్టుకొని చూచి, తల గోకుకొనిరి.

“నాకూ తెలీదయ్యా. ఆ పెద్ద పుస్తకం దించు, చూద్దాం.”

ధూళిమేఘములు దిక్కులు కప్పగా గ్రంథము తెరువబడెను. అది లాటిను నుండి వచ్చిన మాట. మొదట స్వతంత్రునిగా పుట్టినవాడని అర్థము. యజమాని లేనివాడు ఎవరికిని జడవక మనసులోని మాట చెప్పునని కాబోలు, రానురాను కల్లాకపటమెరుగక ఉన్నదున్నట్లు మాటాడువానికి ఆ పేరు స్థిరపడెను. చదువుచు చదువుచు సంపాదకులవారు నావంక చూచి చిన్నగా నవ్విరి.

లోకులారా, వినుడు! నాలుగింటికి రెండు నిమిషములు ముందు, ‘కల్లాకపటం లేని’ అను రెండే రెండు మాటలతో ఆ దుర్జయశత్రువు చీటీలో బందీ అయ్యెను. ఆ పదపు తొలి అక్షరముతోనే మొదలై జయింపవలసిన పదములింకను నాలుగువందలున్నవి. అందు నాకు తెలియనివెన్నియని టైపిస్టమ్మ అడుగగా, వీరావేశమున గుండె చరచుకొని, ఆ అంతస్తంతయు ప్రతిధ్వనింప ప్రకటించితిని:

“మూడువందలండీ!”