నాలుగు కల్లుపాకల ట్రయలు

మాఘమాసంలో ఆ ఆదివారం పొద్దున్న చోడవరంలో గణపతిరావు వేసిన పథకం చాలా చిన్నది. మర్నాడు మొదటి బస్సుకి దయాసాగర్ ఉద్యోగానికని విశాఖపట్నం వెళ్ళిపోతున్నాడు. వెళ్ళేలోగా ముగ్గురు స్నేహితులూ రోలుగుంట దాకా నాలుగు ఊళ్ళు తిరిగి, నాలుగు కల్లుపాకల్లో తలో ముంతా పుచ్చుకుని, ఎక్కడి కల్లు గొప్పదో తేల్చాలి. కల్లుకి ప్రభుత్వం మళ్ళీ లైసెన్సులిచ్చిన కొత్త రోజులవి. చోడవరంలోనే తాగొచ్చు కదా అంటారేమో, చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశిగారి కొడుకు దయాసాగర్‌ని ఎరగనివాళ్ళు ఊళ్ళో లేరు. పాపం, ఇరవై నాలుగేళ్ళొచ్చినా కల్లు వాసనే తప్ప రుచి తెలీదు వాడికి.

బండి పూచీ మూడోవాడు తవిటయ్యది. వాడు చక్కెర ఫ్యాక్టరీలో జీపు డ్రైవరు. రిపేరయి షెడ్డు నుంచి వచ్చిన జీపుని ఆదివారం ట్రయలు చూసి సోమవారం అప్పగించమన్నారు.

"ఎంత దూరం ట్రయలో ఎవడూ సెప్పలేదురా. రోలుగుంట దాకా ట్రయలే" అన్నాడు తవిటయ్య.

"నా ఉద్యోగంరా బాబూ!" అన్నాడు గణపతిరావు. అతను అదే ఫ్యాక్టరీలో, రైతుల చెరుకు తోటలు చూసొచ్చే టెంపరరీ ఫీల్డుమాను. పర్మనెంటు చేసే కాగితం చెరుకు ఆఫీసరు రామ్మూర్తిగారి బల్ల మీద ఉంది. రేపే సంతకం. ఆయన చండశాసనుడు, కల్లు పేరెత్తితే చెవులు మూసుకునే రకం. ఫ్యాక్టరీ జీపు కల్లుపాక దగ్గర కనిపించిందని తెలిస్తే పర్మనెంటు సంగతి దేవుడెరుగు, టెంపరరీ కూడా ఊడుతుంది.

"పాక ఎనకాల ఆపుతాన్లే. ఎక్కండి!"

మొదటి ఊళ్ళో పాక వెనకాలే ఆపాడు. కానీ ఫ్యాక్టరీ చెరుకు ఆడే క్రషింగు రోజుల్లో ఆ జీపుని దాచడం ఎవరి తరం? ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డరు వస్తేనే చెరుకు కొట్టాలి. అది రాక తోటలు ఎండిపోతున్న రైతులు, ఇంజను చప్పుడు వింటే చాలు, పరిగెత్తుకొస్తారు. ముంత చేతికందకముందే అచ్చియ్యమ్మ అనే రైతు గణపతిరావు చెయ్యి పట్టేసుకుంది.

"వచ్చేవా నాయినా! నా ఎకరంనర తోటా పూతెట్టేసింది. సూసి ఆర్డరియ్యి!"

"ఇయ్యాల ఆదివారం కదమ్మా..."

"ఆదివారం నాడు మా వూరొచ్చేవంటే నా తోట కోసం కాపోతే దేనికి బాబూ?"

దేనికో చెప్పగలడా? "తోట సూడ్డానికే వచ్చేం" అనేశాడు. వెళ్ళి చూస్తే నిజంగానే పూతొచ్చి ఎండిపోతోంది. గణపతిరావుకి జాలేసింది. దయాసాగర్ ముత్యాల్లాంటి దస్తూరీతో ఆమె పేరు రాసుకున్నాడు. ఆమె ముగ్గురికీ చెంబుడేసి మజ్జిగ తాగించి గాని వదల్లేదు.

రెండో ఊరికి వీళ్ళకన్నా ముందే సైకిలు మీద కబురు వెళ్ళిపోయింది. అక్కడ పదకొండు తోటలు, ఆరు కొబ్బరిబొండాలు. మూడో ఊళ్ళో పాక నడిపే పైడితల్లి అనే ఆసామి సరదాగా ముంత నింపి ఇచ్చాడు. అది దయాసాగర్ మూతి దాకా వెళ్ళేసరికి వెనక నుంచి జనం వచ్చిపడ్డారు. సంగతి తెలిసి పైడితల్లి ముంత లాగేసుకున్నాడు.

"ఓలమ్మో, సెరుకాఫీసర్లకి కల్లేటి! నాకూ అరెకరం తోటుంది బాబూ. ఒసే, బాబులకి పాలట్టుకురాయే!"

దయాసాగర్ పాల గ్లాసు వైపు దీనంగా చూశాడు. "మిషను బడిలో కూడా నాకిన్ని పాలు పొయ్యలేదురా."

"నీకు కల్లు తాగించకుండా పంపిస్తే నాకు మనసు బాగోదురా. రోలుగుంటలో సూద్దాం" అన్నాడు గణపతిరావు.

రోలుగుంట చేరేసరికి జీపు వెనక ఇరవై సైకిళ్ళు, రెండు ఎడ్లబళ్ళు. ముందు బండిలో అచ్చియ్యమ్మ. జనం తోసుకుంటూ పాకలోకి చొరబడ్డారు. మూల ఎవరో పెద్దమనిషి, తలకి తువ్వాలు చుట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. తోపులాటలో ఆ తువ్వాలు కాస్తా జారింది.

రామ్మూర్తిగారు! ఎవరూ ఎరగని చోటని ఆయనా బస్సెక్కి ఇంత దూరం వచ్చారు. ఇక ఉద్యోగం పోయినట్టే అనుకున్నాడు గణపతిరావు. అవతల రామ్మూర్తిగారు జారిన తువ్వాలు కోసం తడుముకుంటున్నారు.

"పెద్దాఫీసరు కూడా వచ్చేర్రోయ్!" అని ఎవరో కేకేశారు.

"సేతిలో అదేటి బాబూ?" అంది అచ్చియ్యమ్మ.

"మజ్జిగ" అన్నారు రామ్మూర్తిగారు.

"మజ్జిగే" అన్నాడు గణపతిరావు గట్టిగా. "మాకూ పొద్దుట్నుంచీ అదే."

రామ్మూర్తిగారు అతని వైపు ఒక్క క్షణం చూశారు. తరవాత గొంతు సవరించుకున్నారు. "వీళ్ళని నేనే పంపానమ్మా. ఏమయ్యా గణపతిరావూ, జాబితా ఏదీ?"

నలభై ఒక్క పేర్లున్న జాబితా దయాసాగర్ అందించాడు. పూతెట్టిన తోటలు ముందు కొట్టించాలని రాసి, ఆయన ముంత పక్కన పెట్టుకుని అక్కడే సంతకం చేసేశారు. అచ్చియ్యమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తిరుగు ప్రయాణంలో ఆయన ముందు సీట్లో నిద్రపోతుంటే, వెనక సీట్లో స్నేహితులిద్దరూ నోళ్ళు మూసుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

"నువ్వు లేకపోతే ఊరు బాగోదురా" అన్నాడు గణపతిరావు, నవ్వు మధ్యలోనే.

"ఏడిపించకురా. అసలే కడుపు నిండా పాలు" అన్నాడు దయాసాగర్.

సోమవారం గణపతిరావు ఉద్యోగం పర్మనెంటైంది. కాగితంలో నడవడిక అన్న గడిలో రామ్మూర్తిగారు స్వహస్తాలతో రాశారు: "ఇతను కల్లు ముట్టడు. స్వయంగా చూసి రాస్తున్నాను." ఎక్కడ కూర్చుని చూశారో రాయడానికి ఆ గడిలో చోటు చాల్లేదు.