హాజీ గారి కుడి చెయ్యి

ఆ ఉదయం రౌధా వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆరువందల బొమ్మల్ని కంప్యూటర్‌కు అప్పగించాలి, అది పని చేస్తుంటే వీధి చివర కెఫేలో కాఫీ తాగాలి, పదకొండింటికల్లా పుస్తకం అచ్చుకు పంపాలి. సాయంత్రం యజమాని హాజీ శాద్లీ ఆ పుస్తకం చూసుకుని, ఆమె ఉద్యోగం పర్మనెంట్ చేసే కాగితం మీద సంతకం పెట్టాలి. మూడేళ్లుగా ఏడాదికోసారి ఒప్పందం పొడిగించుకుంటూ వచ్చిన మనిషికి ఇది అత్యాశేమీ కాదు.

స్ఫాక్స్ పట్టణంలో ఆలివ్ నూనె మరలు తయారుచేసే కంపెనీ అది. మర వాడే విధానం చెప్పే పుస్తకం ఫ్రెంచిలో ఉంది, అరబ్బీలో రావాలి. అరబ్బీ కుడి నుంచి ఎడమకు చదువుతారు కాబట్టి, ముందు ఇది చెయ్యి, తర్వాత ఇది చెయ్యి అని బాణాలతో చూపే బొమ్మల్ని అద్దంలోలా తిప్పి వేస్తారు. ఫోటోల్ని మాత్రం తిప్పకూడదు. బరువైన టిఫ్ ఫైళ్లను తేలికైన జేపెగ్‌లుగా మారుస్తూ, పనిలో పనిగా 'తిప్పు' అన్న గడిలో కూడా టిక్కు పెట్టింది రౌధా. బొమ్మల ఫోల్డర్ అనుకుని, బొమ్మల్నీ ఫోటోల్నీ కలిపి కడుపులో పెట్టుకున్న పెద్ద ఫోల్డర్ మీద నొక్కి కాఫీకి వెళ్లిపోయింది.

తిరిగొచ్చి మొదటి పేజీ ప్రింటు తీసింది. కొత్త నూనెలో రొట్టె ముంచి, బిస్మిల్లా అని హాజీ గారు నోట పెట్టుకుంటున్న ఫోటో అది. ఇప్పుడాయన ఎడమ చేత్తో తింటున్నారు. కోర్టుకెక్కిన దాయాదితోనైనా కలిసి భోంచేస్తారు గానీ, ఎడమ చేత్తో తినేవాడి పక్కన ఆ ఊళ్లో కూర్చోరు.

ఆదరాబాదరాగా ఫోటోలన్నిటినీ మళ్లీ తిప్పింది. సరిపోయాయి. మొహం కడుక్కోవడానికి వెళ్లింది. పాడైన ప్రింటు బల్ల మీదే ఉండిపోయింది.

విభాగం పెద్ద లొత్ఫీకి పరాయి బల్లల మీది కాగితాలు చూడటం అలవాటు. చూశాడు. ఆ ఒక్క ఫోటోను కంప్యూటర్లో తిప్పి, పుస్తకాన్ని తానే ప్రెస్సుకు పంపేశాడు. తెర మీద ఏముందో చూడలేదు. తప్పు కాగితం మీదే కనిపించాక తెరతో పనేముంది?

"పంపేశానమ్మాయ్, స్థిమితపడు," అని మాత్రం చెప్పాడు. మిగతాది మధ్యాహ్నం మూడింటికి, వేరుశనగలు నములుతూ బయటపెట్టాడు.

"నేను చూశాను కాబట్టి సరిపోయింది. హాజీ గారి చెయ్యి తిప్పకపోతే ఏమయ్యేవాళ్లం?"

"మీరు తిప్పారా?"

"మరి? నువ్వు చూసుకోలేదుగా."

"నేనూ తిప్పాను, లొత్ఫీ గారూ."

లొత్ఫీ వేళ్లు మడిచి లెక్క వేశాడు. "అంటే?"

"అంటే ఎడమే."

ప్రెస్సుకు ఫోన్ చేస్తే, మూడొందల పుస్తకాలూ వ్యానెక్కి పావుగంటైందన్నారు. లొత్ఫీ తలుపు దగ్గరగా వేశాడు. "చూడూ, అడిగితే నేనే చేశానని నువ్వే చెప్పాలి. నీ కంప్యూటరు, నీ ఫోల్డరు. నాకు పెళ్లాం పిల్లలున్నారు."

రౌధా, ఆమె వెనకే లొత్ఫీ కిందికి దిగేసరికి ప్రాంగణంలో వ్యాను ఆగి ఉంది. మర కొనడానికొచ్చిన రైతులు చుట్టూ నిలబడ్డారు. హాజీ గారి చంకలో ఆమె కాగితం, చేతిలో పుస్తకం. ఆయన మొదటి పేజీ తెరిచి, పుస్తకాన్ని మొహం దగ్గరికి తెచ్చుకున్నారు. రౌధా లోపల ఉద్యోగానికి నీళ్లొదిలేసింది.

"నలభై ఏళ్లుగా నా ఫోటోల్లో ఎవడో నా చుట్టంలాంటివాడు కనిపిస్తున్నాడయ్యా," అన్నారు హాజీ మెల్లగా. "రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూసే మనిషిని ఇవాళ చూశాను. ఎవరు చేశారిది?"

లొత్ఫీ ఒక్క అంగలో ముందుకొచ్చాడు. "నేనే, హాజీ. స్వయంగా నా చేత్తో."

హాజీ కళ్లజోడు సర్దుకున్నారు. చూపు ముఖం మీంచి దిగి రొట్టె దగ్గర ఆగింది. రైతులు కూడా తొంగి చూశారు.

"ఏ చేత్తో, లొత్ఫీ?"

రౌధా ఉండబట్టలేకపోయింది. "హాజీ, అసలు మొదట తిప్పింది..."

"నువ్వాగు బిడ్డా. ఒప్పుకున్నవాడు ఎదురుగా ఉండగా నీకెందుకు?" అని, ఆయన ఆ కాగితాన్ని వ్యాను మీద ఆనించి సంతకం పెట్టేశారు. రౌధాకు లొత్ఫీ మీద జాలి కలిగింది గానీ, కాగితం వెనక్కి ఇచ్చేంత జాలి కాదు.

మర్నాటి నుంచి లొత్ఫీ మూడొందల పుస్తకాల్లోనూ సరైన ఫోటో అతికిస్తున్నాడు; కుడి చేత్తోనే అతికించాలని హాజీ గారి ఆజ్ఞ.