గుండె నొప్పి డ్రిల్లు

ఆ సోమవారం డాక్టర్ గురుప్రసాద్ కాఫీ కూడా ముట్టకుండా నర్సీపట్నంలోని తన చిన్న నర్సింగ్ హోముకు వచ్చేశాడు. గుండె నొప్పి అన్నవాడికి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది వైద్య నియమం. అక్కడి అలవాటేమో ముందు చీటీ, తర్వాతే ఏదైనా. పోయిన నెల ఒక మాస్టారు ఆ చీటీ వరుసలోనే కూలబడి ప్రాణం విడిచారు. ఆ బాధ డాక్టరును ఇంకా వదల్లేదు. ఇంకొకరు అలా పోకూడదని గట్టిగా అనుకున్నాడు.

"ఇవాళ ఒకాయన గుండె పట్టుకుని వస్తాడు. నాటకమే, డ్రిల్లు. ఎవరో చెప్పను. చీటీ గీటీ అన్నారో, ఊరుకోను!" అని సిబ్బందిని హెచ్చరించాడు.

ఆ రావలసినవాడు సింగన్న, వీధి నాటకాల్లో వేషాలు కట్టే మనిషి. ఇంట్లో కూడా చెప్పొద్దని డాక్టరు అతనితో ఒట్టు వేయించుకున్నాడు. వేషం లోపలికొచ్చాక మొదలుపెడితే సరిపోయేది. కళాకారుడు కదా, ఎదురుగా ఉన్న సోడా బండి దగ్గరే మొదలుపెట్టి, గుండె పట్టుకుని కళ్ళు తేలేశాడు. జనం మూగారు. "గ్యాసే! సోడా పట్టండి!" అంటూ ఒకటి తర్వాత ఒకటి తాగించారు. లేవబోతే లేవనివ్వలేదు. ఈలోగా సోడా బండివాడు సింగన్న భార్య అప్పలలక్ష్మికి ఫోను కొట్టాడు.

ఆవిడ ఏడుస్తూ, తమ్ముడు సూరన్నను వెంటబెట్టుకుని, మొగుణ్ణి ఈపాటికి లోపల చేర్చి ఉంటారనుకుని ఆటోలో నేరుగా నర్సింగ్ హోముకు వచ్చిపడింది. సూరన్నకు పొద్దుటి నుంచే ఛాతీలో బరువుగా ఉంది. గ్యాసనుకుని ఊరుకున్నాడు. ఇప్పుడు చెమటకు చొక్కా తడిసిపోయి, చెయ్యి గుండె మీదకు పోయింది.

నర్సు కళావతి కళ్ళు మెరిశాయి. "వచ్చాడు! పట్టండి!"

"నాకేటీ నేదమ్మా! మా బావకి..."

"అబ్బో, కథలో బావ కూడానా! పడుకో."

"గ్యాసమ్మా, సెప్తంటే ఇనవేటి!"

"గ్యాసనమని కూడా నేర్పారా డాక్టరు గారు?"

అప్పలలక్ష్మి నెత్తి కొట్టుకుంది. "నా మొగుడేడి తల్లీ? నా తమ్ముడ్ని పట్టుకున్నారేటి?"

"ఏడుపు బాగా కుదిరిందమ్మా," అని మెచ్చుకుంటూనే కళావతి వైర్లు తగిలించింది.

డాక్టరు నవ్వుతూ వచ్చాడు. మంచం మీద సింగన్న లేడు. ఈసీజీ కాగితం చూడగానే నవ్వు ఆగిపోయింది. "కళావతీ, ఇది నాటకం కాదు. నిజంగా గుండెపోటు!"

కళావతి చేతులు ఆగలేదు. మాత్రలు నమిలించారు, నెత్తురు గడ్డ కరిగించే ఇంజెక్షను ఇచ్చారు, విశాఖ తీసుకెళ్ళడానికి అంబులెన్సు పిలిచారు. కాసేపటికి నొప్పి తగ్గి, "బావెలగున్నాడే అక్కా?" అని సూరన్న అడిగేసరికి డాక్టరుకు కళ్ళు చెమర్చాయి. అప్పుడు గుర్తొచ్చాడు సింగన్న.

సోడాల జనం నుంచి ఎలాగో తప్పించుకొచ్చిన సింగన్న చీటీ వరుసలో ఉన్నాడు, గుండె పట్టుకునే. కౌంటరులో రమేష్‌బాబు కసురుతున్నాడు: "డ్రిల్లు పేషెంటు ఎప్పుడో వచ్చేశాడు. నీది గ్యాసు, ఆ త్రేన్పులు వింటే తెలీట్లేదా! వరుసలో రా."

"సచ్చినోడా, బాగానే ఉన్నావేటి!" అని అప్పలలక్ష్మి మొగుణ్ణి ఒక్కటేసి, పట్టుకుని ఏడ్చింది.

డాక్టరు పళ్ళు నూరాడు. "ఇంక రోజూ డ్రిల్లే! ఎప్పుడో చెప్పను, ఎవరో చెప్పను. గుండె నొప్పి అన్నవాడల్లా నేను పంపినవాడే అనుకోండి."

ఆనాటి నుంచి ఆ నర్సింగ్ హోముకు గుండె నొప్పితో నిజమైన రోగి ఒక్కడూ రాలేదు, అందరూ డ్రిల్లు వాళ్ళే.