గెడ్డవలస బడిలో మూడో లక్ష్యం

హైమావతి టీచర్ సోమవారం యాప్‌లో రాసి పంపిన ఆరు లక్ష్యాలూ మంగళవారం ఉదయం ప్రార్థన వేళకి యూనిఫాం వేసుకుని బడికి వచ్చాయి. తలకి నూనె రాసుకుని, భుజానికి సంచులు తగిలించుకుని, ఎత్తు ప్రకారం వరసలో నిలబడ్డాయి. మూడోది కాస్త ఒళ్లు చేసి ఉంది. దాని వాక్యం పొడవు.

గెడ్డవలస బడికి హైమావతి ఒక్కతే టీచరు. తరగతి గదిలోకి టెక్నాలజీని ఎలా తెస్తారో ఆరు లక్ష్యాలుగా రాయమని ఉత్తర్వు వచ్చినప్పుడు మిగతా బళ్లవాళ్లలో చాలామంది ఒకరిది చూసి ఒకరు ఎక్కించేశారు. ఆమె మాత్రం ఆదివారమంతా కూర్చుని, కొట్టేసి మళ్లీ రాసి, ప్రతి మాటా నమ్మి రాసింది. మనసు పెట్టి రాస్తే ఒక్కోసారి అలా నడిచి వస్తాయని, దానికి యాప్‌లో వేరే గడి ఉందని మండల విద్యాధికారి తర్వాత చెప్పారు.

ఆమెకి కాలు నేల మీద నిలవలేదు. బడిలో పిల్లలు పద్నాలుగుమంది. ఇరవైకి ఒక్కరు తగ్గినా ఆ బడి ఎత్తేసి గెడ్డ అవతలి బడిలో కలిపేస్తారని అప్పటికే కబురు వచ్చింది. ఆ గెడ్డ వాన పడితే నడుంలోతు పారుతుంది. పద్నాలుగూ ఆరూ ఇరవై. ఆమె రెండుసార్లు లెక్కపెట్టి విద్యాధికారికి ఫోన్ చేసింది.

"సార్, మా లక్ష్యాలు బడికి వచ్చేశాయండి."

"హాజరు వేశారా?"

"ఇంకా లేదండి."

"బేగి వేసెయ్యండమ్మా. పది దాటితే యాప్ మూసుకుపోతుంది."

ముఖం చూసి హాజరు వేసే ఆ యాప్ పిల్లల్ని ఎండకి తిప్పి, నీడకి తిప్పి, నాలుగుసార్లు కాదన్నాక గానీ ఒప్పుకునేది కాదు. లక్ష్యాల్ని మొదటి చూపులోనే గుర్తుపట్టింది.

మధ్యాహ్నం వంట చేసే సింహాలమ్మ ఇరవై కంచాలు పెట్టింది. లక్ష్యాలు ఏమీ తినవని తేలాక వాటి వంతు ఆరు గుడ్లూ పిల్లలకే పంచింది. "తిండి అడగవు, కొట్టుకోవు, ముక్కు తుడవక్కర్లేదు. ఇలాటి గుంటలు ఇంకో పదిమంది వస్తే బాగున్ను టీచరమ్మా" అంది.

నిబంధన ఒక్కటే ఉంది. నెరవేరిన లక్ష్యం పేరును యాప్ తీసేస్తుంది, పేరు లేనిది బడిలో ఉండకూడదు. విద్యాధికారి ఈ సంగతి ముందే చెప్పారు. హైమావతి అప్పుడే బడికి ఇచ్చిన కొత్త ట్యాబుల సంబరంలో ఉండి సరేనంది. పిల్లలు వేలితో అక్షరాలు దిద్దుతున్నారు, బొమ్మని తాకితే దాని పేరు పలుకుతోంది, గోల ఊరంతా వినిపిస్తోంది. లక్ష్యాలు మాత్రం ముందు బల్ల మీద చేతులు కట్టుకుని, ఫోటో తీసినప్పుడల్లా కొంచెం ముందుకి వంగేవి.

మూడో లక్ష్యం ప్రకారం ఒకటో తరగతివాళ్లు తప్ప ప్రతి విద్యార్థీ ట్యాబులో ఒక పేజీ కథను తడబడకుండా చదవాలి. దసరా నాటికి పదిమంది చదివేశారు. మిగిలింది బంగారి, సింహాలమ్మ కూతురు. మూడో తరగతికి వచ్చినా రెండక్షరాలు కలిపితే బెదిరిపోయే పిల్ల.

కార్తీకమాసంలో ఒక ముసురు రోజున బంగారి తనంతట తానే లేచి ట్యాబు పట్టుకుంది. పేజీలో ఎనిమిది లైన్లు. మొదటి లైను గొణిగింది, రెండోది పలికింది, మూడోదానికి గొంతు విచ్చుకుంది. పిల్లలంతా చుట్టూ చేరారు. సింహాలమ్మ గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. రెండేళ్లుగా ఆ గొంతు కోసం ఎదురుచూసిన హైమావతికి కళ్లు మసకబారాయి. అయిదో లైను దగ్గర మూడో లక్ష్యం సంచి సర్దుకుంది. ఆరో లైనుకి లేచింది. ఏడో లైనుకి వరండాలో చెప్పులు వేసుకుంటోంది.

హైమావతి ఎనిమిదో లైను మీద అరచెయ్యి పెట్టింది.

"ఏటమ్మా, సదవనీండి దాన్ని" అంది సింహాలమ్మ.

బంగారి ఆ లైను చదివితే పంతొమ్మిది అవుతుందని హైమావతి మెల్లగా చెప్పింది. సింహాలమ్మ వాకిట్లోంచి గెడ్డ వైపు చూసింది. నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. గరిటె కొంగుకి తుడుచుకుని, "ఆపెయ్యే బంగారీ. అవతలికి నిన్ను నాను పంపను" అంది.

"నాకు ఆ లైనూ వచ్చు టీచర్."

"తెలుసమ్మా. మనసులో చదువుకో."

బంగారి పెదవులు కదపకుండా చదువుకుంది. మూడో లక్ష్యం కాసేపు చెవి ఒగ్గి విని, ఏమీ వినబడక చెప్పులు విడిచి, తిరిగి వచ్చి తన చోట కూర్చుంది.

మాఘంలో విద్యాధికారి తనిఖీకి వచ్చారు. ఇరవైమందినీ చూసి ముచ్చటపడ్డారు. బంగారిని చదవమంటే ఏడు లైన్లు గలగలా చదివి, చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన మిగిలినది అడగలేదు. యాప్‌లో "పురోగతిలో ఉంది" అని నొక్కి, ఒక్క లక్ష్యాన్ని కూడా పోగొట్టుకోని బడి మండలంలో ఇదొక్కటేనని చెప్పి, హైమావతికి ప్రశంసాపత్రం ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. హైమావతి సంతోషంగా ఫోటోకి నిలబడింది.

ఆయన వెళ్లేసరికి బంగారి ఒకటో తరగతి పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టుకుని, ట్యాబు ఒళ్లో పెట్టుకుని, ఎక్కడ ఆగాలో నేర్పుతోంది. వాళ్లకి ఇంకా అక్షరాలు పూర్తిగా రావు. ఆగడం మాత్రం పట్టుబడింది.