మీటరు మావయ్య

ఆదివారం ఉదయం కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, భార్యతో చెప్పవలసిన అబద్ధాన్ని ఆయన మనసులో మరొకసారి వల్లె వేసుకున్నాడు. మాట తడబడకూడదు. అలాగని మరీ గడగడా రాకూడదు.

"మధ్యాహ్నం ఒక స్కూల్లో క్యాంపు ఉంది. పిల్లల చెవులు చూడాలి. చీకటి పడేలోపు వచ్చేస్తా."

"ఆదివారం స్కూలేంటండీ?" అంది భార్య, బట్టలు మడతపెడుతూనే.

"ఆదివారమైతే నిశ్శబ్దంగా ఉంటుందని."

"పిల్లలే రాకపోతే నిశ్శబ్దంగానే ఉంటుంది. మరి చూసేది ఎవరి చెవులు?"

"పిలిపిస్తారు" అన్నాడు ఆయన కప్పులోకి చూస్తూ.

పక్కగదిలోంచి కూతురు తల బయటపెట్టింది. "అమ్మా, నేనూ మధ్యాహ్నం ఫ్రెండు వాళ్ళింటికి వెళ్తున్నా. కలిసి చదువుకుంటాం."

అబద్ధం ఆడటంలో తనను మించినవాళ్ళు అదే ఇంట్లో ఉన్నారన్న అనుమానం ఆయనకి రాలేదు. తనది గట్టెక్కిందన్న సంబరంలో, "వెళ్ళనీవే, చదువుకుంటానంటే కాదంటావెందుకు?" అని సిఫారసు కూడా చేశాడు.

చెవులు పరీక్షించడం ఆయన వృత్తి. మందపాటి తలుపున్న చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, తలకి హెడ్‌ఫోన్లు తగిలించి, అద్దానికి ఇవతల కూర్చుని సన్నటి కూతలు పంపిస్తాడు. వినబడితే అవతలివాళ్ళు వేలెత్తాలి. వీధిలో అందరూ చెవుల డాక్టరంటారు. ఇంట్లో టీవీ గొంతు పెరగదు. మిక్సీ కింద మడతపెట్టిన తువ్వాలు ఉంటుంది. తలుపు దఢాలున వేసినవాళ్ళకి ఉపన్యాసం ఉంటుంది. గోదాముల వెనక మైదానంలో బ్యాండ్ల పండగ జరుగుతోందట, వెళ్ళనా అని వారం కిందట కూతురు అడిగితే, "దేవుడు చెవులు రెండే ఇచ్చాడు, స్పేర్ ఇవ్వలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. తేల్చేసి, తన గదిలోకి వెళ్ళి, అదే పండగకి తనకొక టికెట్ కొనుక్కున్నాడు.

ఎందుకు కొన్నాడో తనకు తానే సరిగ్గా చెప్పుకోలేకపోయాడు. ఆయన కాలేజీ రోజుల్లో 'చివరి బస్సు' అని నలుగురు కుర్రాళ్ళ బ్యాండు ఒకటి ఉండేది. వాళ్ళు కాలేజీ హాల్లో వాయిస్తున్నారని తెలిసి పరుగెత్తుకెళ్తే, లోపల జనం కిక్కిరిసిపోయి తలుపులు మూసేశారు. ఆయన బయట గోడకి చెవి ఆనించి నిలబడ్డాడు. గోడ సన్నటి స్వరాలన్నిటినీ తనే మింగేసి, బేస్ గిటారు మోతనీ డ్రమ్ము దెబ్బనీ మాత్రం బయటికి వదిలింది. శబ్దంలో గోడ దాటేదేది, దాటనిదేది అన్న ప్రశ్న ఆనాడే పట్టుకుంది. ఆ ప్రశ్న ఆయన్ని ఒక చదువులోకి, ఆ చదువు ఒక ఉద్యోగంలోకి, ఆ ఉద్యోగం మందపాటి తలుపున్న గదిలోకి తీసుకెళ్ళాయి. తనింకా ఆ గోడకి ఇవతలే నిలబడి ఉన్నట్టు ఒక్కోసారి అనిపిస్తుంది.

ఆ బ్యాండుది 'మెట్ల మీద వాన' అని ఒక పాట. రికార్డులో ఆ పాట పూర్తవదు. గిటారు ఒకే వరసని తిప్పి తిప్పి వాయిస్తుండగానే శబ్దం మెల్లమెల్లగా తగ్గి, ఎవరో మాట్లాడుతూనే దూరంగా నడిచి వెళ్ళిపోయినట్టు మాయమవుతుంది. కానీ జనం ఎదుట వాయించేటప్పుడు అలా మాయం కావడం కుదరదు కదా, ఎక్కడో ఒకచోట ఆపాలి. ఎలా ఆపుతారు? స్నానం చేస్తూ, బస్సు కోసం నిలబడి, నిద్రపట్టక దొర్లుతూ ఆయన రకరకాల ముగింపులు ఊహించాడు. ఏదీ కుదురుకోలేదు. ఇప్పుడు ఆ నలుగురూ విడిపోతున్నారట, ఇదే ఆఖరి కచేరీ అట. ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటుంది. ఈమధ్య పేషెంట్లు లేని ఒక పూట హెడ్‌ఫోన్లు తానే పెట్టుకుని చూసుకుంటే, కుడి చెవి సన్నటి స్వరాల దగ్గర వేలెత్తలేదు. ఒకసారి మొదలైతే అది ఎటు పోతుందో ఆయనకి తెలుసు. ఆ ముగింపు వింటే ఇప్పుడే వినాలి.

అబద్ధమాడినా అతికినట్టుండాలన్నారు. అందుకని మెడలో క్లినిక్కు కార్డు వేసుకుని, భుజానికి క్యాంపు సంచి తగిలించుకుని బయల్దేరాడు. సంచిలో శబ్దాన్ని కొలిచే ముల్లు మీటరు ఉంది.

మైదానంలో జనం గడ్డిమీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. వేదికకి అటూ ఇటూ బీరువాల్లాంటి స్పీకర్లు. ఎవరో అమ్మాయిల బ్యాండు హోరెత్తిస్తోంది. కుడి చెవికి ప్రమాదం లేని చోటు ఎక్కడుందో చూసుకుని కూర్చుందామని ఆయన మీటరు బయటికి తీశాడు. చెయ్యి బారచాపి, ముల్లు వంక చూస్తూ, "ఊహూ" అని తల అడ్డంగా తిప్పుతూ మైదానంలో నెమ్మదిగా నడవడం మొదలుపెట్టాడు.

వాకీటాకీ పట్టుకుని వేదిక పక్కన నిలబడ్డ నిర్వాహకుడి కంట ఆ దృశ్యం పడింది. పోయినేడు సరిగ్గా ఇలాగే మెడలో కార్డు, చేతిలో మీటరు ఉన్న ఒక అధికారి ఇలాగే తల తిప్పుతూ వచ్చి, మోత మితిమీరిందని రాసుకుని పండగని సగంలో ఆపించేశాడు.

"వచ్చేశాడు" అన్నాడు వాకీటాకీలో. "తగ్గించు."

శబ్దం తగ్గింది. ఇక్కడికి సరిగ్గా అందడంలేదు కాబోలనుకుని ఆయన ముందుకి జరిగాడు. మరికాస్త తగ్గింది. ఇంకా ముందుకి జరిగాడు. ఆయన ఒక అడుగు వేస్తే పాట రెండడుగులు వెనక్కి వేస్తోంది. వేదిక దగ్గరికి వచ్చేసరికి అమ్మాయిల నోళ్ళు కదులుతున్నాయి కానీ గొంతులు పక్కింట్లోంచి వస్తున్నట్టున్నాయి. ఇంత త్వరగానా? కుడి చెవి మూసుకుని విన్నాడు, ఎడమ చెవి మూసుకుని విన్నాడు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. జీవితంలో మొదటిసారి ఆయనకి అద్దానికి అవతలి కుర్చీ తనదేననిపించింది.

"బాబూ" అన్నాడు నిర్వాహకుడి దగ్గరికి వెళ్ళి. "నీకు బాగానే వినబడుతోందా?"

"ఎక్కడ సార్! ఎప్పుడో తగ్గించేశాం. ఇంకా తగ్గించమంటారా?"

చెవులు బాగానే ఉన్నాయని ఆయన ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే మళ్ళీ కూలబడింది. "తగ్గించారా? అయ్యో, ఎందుకూ? పెంచండి బాబూ."

"భలేవారు సార్. పెంచగానే రాసుకుంటారుగా."

"నేను అధికారిని కాను నాయనా. పాట వినడానికి వచ్చాను."

"పోయినేడు ఆయనా ఇలాగే అన్నాడు సార్. రండి, కూర్చోండి."

ఎంత కాదంటే అంత మర్యాద పెరిగింది. శబ్దాన్ని పెంచి తగ్గించే మిక్సరు బల్ల పక్కనే కుర్చీ వేశారు. కాఫీ తెచ్చారు. ఎండ పడుతోందని ఒకడు నెత్తిమీద గొడుగు పట్టాడు. గొడుగు కింద మీటరుతో కూర్చున్న మనిషిని చూసేసరికి జనానికి కారణం అర్థమైపోయింది.

"మీటరు మావయ్యా, ఇంటికెళ్ళు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. కాసేపటికి అది మైదానమంతా అందుకుంది. ఆ పూట అక్కడ గట్టిగా వినబడిన పాట అదొక్కటే.

'చివరి బస్సు' వేదికెక్కింది. కుర్రాళ్ళు కారిప్పుడు. గాయకుడి గడ్డం తెల్లబడింది, బేస్ గిటారు మనిషికి పొట్ట వచ్చింది. డ్రమ్ముల మీద ఎవరో తువ్వాలు కప్పి వెళ్ళారు. దాన్ని చూడగానే ఆయనకి తన వంటింట్లో మిక్సీ గుర్తొచ్చి తలదించుకున్నాడు. వాళ్ళు పాట తర్వాత పాట వాయించారు. ముందువరసలో ఎవరో దగ్గితే చుట్టూ ఉన్నవాళ్ళు "ష్" అన్నారు. ఎక్కడో ఒక పసిపిల్ల ఏడిస్తే గిటారు మునిగిపోయింది.

"'మెట్ల మీద వాన'. ఇదే మా ఆఖరి పాట" అన్నాడు గాయకుడు. "వినబడనివాళ్ళు దగ్గరికి రండి."

సరిగ్గా అప్పుడే గొడుగు కింద ఒక గొంతు వినబడింది.

"నాన్నా!"

ఎదురుగా కూతురు. మొహం కందగడ్డలా ఉంది.

"నువ్వా? ఫ్రెండు వాళ్ళిల్లు...?"

"నీ స్కూలు క్యాంపు?"

రెండబద్ధాలూ గొడుగు కింద ఎదురుపడ్డాయి.

"ఇంట్లో తగ్గించావు, సరే" అంది కూతురు. ఏడుపు ఆపుకుంటోంది. "ఇక్కడిదాకా వచ్చి మరీ తగ్గించాలా? మా ఫ్రెండ్సందరూ నిన్ను తిడుతున్నారు. నేను కూడా తిట్టాను, నువ్వని తెలియక. తెలిశాక కూడా తిట్టాను."

"నేను తగ్గించమనలేదమ్మా. వినడానికే వచ్చాను."

"నువ్వా? వినడానికా?"

"ఈ పాట ఎలా ఆగుతుందో..." అని, ఆ మాట బయటికి అంటే ఎంత చిన్నగా ఉందో చూసి ఆయన సిగ్గుపడ్డాడు. "నీ వయసప్పటినుంచీ తెలుసుకుందామని. అప్పుడు గోడ బయటే ఉండిపోయాను."

కూతురు ఆయన చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న టికెట్ వంక చూసింది. మొహం వంక చూసింది. వేదికమీద పాట మొదలైంది, నూతిలోంచి వస్తున్నట్టు. నాన్న పెదవులు దానితోపాటు కదులుతున్నాయి, ఒక్క మాట కూడా తప్పకుండా. ఆ పిల్ల మరో మాట లేకుండా నిర్వాహకుడి దగ్గరికి పరుగెత్తింది.

"ఆయన ఆఫీసరు కాదండీ, మా నాన్న!"

"ప్రతి ఆఫీసరూ ఎవరికో ఒకరికి నాన్నే కదమ్మా" అన్నాడు నిర్వాహకుడు.

పరుగెత్తి వెనక్కి వచ్చింది. "బతిమాలితే వినరు నాన్నా. తిట్టు."

"నేనా? ఎలా?"

"తలుపు గట్టిగా వేస్తే నన్ను తిడతావే, అలా."

పాట రెండో చరణంలోకి వెళ్ళిపోయింది. ఇంకాస్సేపైతే ఆ వరస మొదలవుతుంది, ఆ తర్వాత ముగింపు, ఆ తర్వాత ఇక ఎన్నటికీ లేదు. ఆయన లేచి నిలబడ్డాడు. గొడుగు తోసేశాడు.

"ఎవరయ్యా ఇక్కడ బాధ్యుడు? ఇది కచేరీయా, పరీక్ష హాలా?" ఆ గొంతుకి మిక్సరు ముందున్న మనిషి ఉలిక్కిపడి నిలబడ్డాడు. "టికెట్ కొన్న మనిషికి పాట వినబడకపోతే ఏమంటారు దాన్ని? ముల్లు చూడు, నిద్రపోతోంది! చెవులంటే మీకు అంత లోకువా?"

నిర్వాహకుడు పరుగున వచ్చాడు. "అంటే... తక్కువైనా తప్పేనా సార్?"

"తప్పే!"

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా సార్!"

"నాకు వినబడితే వేలెత్తుతాను" అన్నాడు ఆయన మిక్సరు మనిషితో. "అప్పటిదాకా పెంచుతూనే ఉండు."

ఎవరో వెళ్ళి డ్రమ్ముల మీది తువ్వాలు లాగేశారు. శబ్దం నేలలోంచి లేచినట్టు లేచింది. ముందు అరికాళ్ళకి తగిలింది, తర్వాత కడుపులోకి, తర్వాత పక్కటెముకల్లోకి వచ్చింది. జనం ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. మిక్సరు మనిషి ఆయన చేతి వంకే చూస్తున్నాడు. ఆ చెయ్యి లేవలేదు. ముల్లు ఆయన రోజూ ఉపన్యాసం చెప్పే గీత దాటింది. ఇంకో గీత కూడా దాటింది. ఆయన జేబులోంచి చెవుల్లో పెట్టుకునే స్పాంజి ముక్కలు రెండు జతలు తీసి, ఒక జత కూతురికి ఇచ్చాడు.

"నువ్వు పెట్టుకుంటేనే" అని ఆయన చెవి దగ్గర అరిచింది.

ఆయన తన జతని గుప్పిట్లో బిగించి ఉంచుకున్నాడు. ఆనాడు గోడ మింగేసిన స్వరాలన్నీ ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నాయి. కొన్ని కుడి చెవికి రాలేదు, ఎడమ చెవి వాటిని కూడా తెచ్చిపెట్టింది.

గిటారు ఆ వరసలోకి ప్రవేశించింది. ఒకసారి తిప్పింది, మళ్ళీ తిప్పింది, మళ్ళీ. రికార్డు మాయమైపోయే చోటు దాటిపోయింది. ఇక్కడినుంచి ఆయనకి తెలియని దేశం. గిటారు మనిషి డ్రమ్ముల మనిషి వంక చూశాడు. డ్రమ్ముల మనిషి గాయకుడి వంక చూశాడు. గాయకుడు భుజాలెగరేశాడు. గిటారు ఆగింది. బేస్ ఇంకో రెండు దెబ్బలు వేసి, తనొక్కటే మిగిలానని తెలుసుకుని ఆగింది. డ్రమ్ముల మనిషి అందరూ ఆగిపోయాక ఒక్కటి గట్టిగా కొట్టి నాలుక కరుచుకున్నాడు.

"ఈ పాటని ఎలా ఆపాలో మాకు ఎప్పుడూ తేలలేదు" అన్నాడు గాయకుడు మైకులో నవ్వుతూ. "అందుకే రికార్డులో అలా తగ్గించేశాం."

మైదానం గొల్లుమంది. ఆయన కూడా నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళు ఎందుకు తడిశాయో ఆలోచించదలుచుకోలేదు. ఇన్నేళ్ళూ గోడకి అవతల ఏదో ఉందనుకున్నాడు. ఉన్నది తనలాగే ముగింపు తెలియని నలుగురు. అప్పుడు నెమ్మదిగా వేలెత్తాడు.

చీకటి పడేలోపు ఇద్దరూ చెరో వీధిలోంచి, ముందే అనుకున్న ప్రకారం, కొంచెం ఎడంగా ఇల్లు చేరారు.

"ఎలా జరిగిందండీ క్యాంపు?" అని అడిగింది భార్య.

"బాగా జరిగింది!" అని అరిచాడు ఆయన.

"నీ చదువో?"

"చాలా చదివాం!" అని అరిచింది కూతురు.

భార్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇన్నేళ్ళు చెవుల డాక్టరుతో కాపురం చేసిన మనిషికి చెవులు దిబ్బడేసిన లక్షణం ఒకరు చెప్పక్కర్లేదు. "వచ్చేసారి స్కూలుకి" అంది, పెదవులు బాగా కదిలేలా, ఒక్కో మాటా విడదీసి, "నాకూ ఒక టికెట్ తీసుకోండి."

సోమవారం క్లినిక్కులో మొదటి పేషెంటుకి ఆయన ఎప్పటిలాగే పెద్ద శబ్దాల జోలికి వెళ్ళొద్దని సలహా ఇచ్చాడు. మందపాటి తలుపుకి అవతల కూర్చున్నవాళ్ళందరికీ కూడా అది స్పష్టంగా వినబడింది.