వంతెన సంఘానికో మాటల చోటు

ఒక పెద్ద అడవిలో, వాగు మీద తీగల వంతెన ఉండేది. అది ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా వచ్చి ఓ ముడి వెయ్యొచ్చు, ఎవరైనా దాటొచ్చు, నచ్చితే అల్లిక చూసి తమ వాగు మీద కట్టుకోవచ్చు. కూలి లేదు, యజమాని లేడు. అందుకే అందరికీ దాని మీద అభిప్రాయాలు ఉండేవి.

ఆ ముడులు చూసుకునేది ముంగిస నూకాలు. వానలు పడేముందు ఓసారి చూస్తే నడిమి తీగ నలిగి పీచులు తేలింది. వంతెన సంఘం వాళ్లు మాట్లాడుకునే బండ దగ్గరికి పరుగెత్తింది. అక్కడ ముసలి తాబేలు కూర్మయ్య ఒక్కడే కునుకు తీస్తున్నాడు.

"మిగతావాళ్లేరీ?"

"పొద్దున ఉన్నారు. సాయంత్రం ఉంటారు. అప్పుడు రా."

సాయంత్రం వచ్చినవాళ్లు వేరు; పొద్దున ఏం మాట్లాడుకున్నారో వాళ్లకు తెలీదు. నూకాలుకి ఒళ్లు మండింది. "ముందు మాట నిలిచే చోటొకటి చూసుకోండర్రా!" అంది. ఆ మాట అనకుండా నేరుగా తీగ సంగతే చెప్పి ఉంటే ఈ కథే లేదు.

మర్నాడు సభ పెట్టారు. నక్క పైడిరాజు అందరికంటే ముందే వచ్చాడు.

"నా గుహ ఉందిగా! చల్లగా ఉంటుంది. పైగా చిలకలున్నాయి. మీరన్న ప్రతి మాటా గుర్తుపెట్టుకుని ఆలస్యంగా వచ్చినవాళ్లకి అప్పజెబుతాయి. ఉచితం."

"చిలకలు ఎవరివి?" ముళ్లపంది సన్యాసి ముళ్లు లేచాయి. "నీవి! అంటే మా మాటలూ నీవే. స్వేచ్ఛగా కట్టిన వంతెన గురించి పరాయి గుహలో మాట్లాడతామా? మన పాక మనమే వేసుకుందాం, మన గోరింకని మనమే పెంచుకుందాం."

"దానికి మేత ఎవరు పెడతారు?" అడిగాడు పైడిరాజు.

"అందరూ."

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"బండకేమొచ్చింది?" అన్నాడు కూర్మయ్య. "మా తాత ఇక్కడే మాట్లాడాడు."

"ఏమన్నాడు?"

"ఎవరికి గుర్తు?"

తేల్చడానికి ఉపసంఘం వేసి నూకాలుని అధ్యక్షురాలిని చేశారు. మొదట వద్దంది. కానీ దారిలో లేళ్లు కూడా ఆగి "అధ్యక్షురాలు గారూ" అంటుంటే మీసాలు దువ్వుకోవడం అలవాటైంది. చినుకులు మొదలయ్యేసరికి ఆమె నోట చోటు మాటే తప్ప తీగ మాట లేదు.

ఓ రోజు సభలో కుందేలు గవరమ్మ లేచింది. "నూకాలప్పా, వంతెన మధ్యలో ఊగిపోతోందే!"

"అది పని విషయం," అంది నూకాలు గంభీరంగా. "ఇక్కడ చోటు విషయమే. పని సంగతి చోటు తేలాక."

చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో నూకాలుకి ఏదో మరిచిపోయానని లీలగా అనిపించింది కానీ, అది తీర్మానం చదివే వేళ.

తీర్మానం ఇది: బండా, గుహా, సన్యాసి అప్పటికే వేసేసిన పాకా, మూడూ ఉంటాయి. ఒకచోటి మాట ఇంకోచోటికి కాకి మోస్తుంది.

ఆ సంతోషంలో ఇంటికి బయల్దేరిన నూకాలు వంతెన మధ్యకు రాగానే తీగ పుటుక్కున తెగింది. అప్పుడు గుర్తొచ్చింది, ఏం చెప్పడానికి వెళ్లిందో. వరదలో ఓ వేరు పట్టుకుని వేలాడింది.

"తీగ విసరండర్రా!"

గట్టు మీద కూర్మయ్య మెడ చాచాడు. "ఈ మాట ఎక్కడ చెప్పమంటావే తల్లీ? బండ దగ్గరా, గుహలోనా?"

పాక దగ్గర కాకి అప్పటికే చెప్పింది: "అధ్యక్షురాలు ఈత కొడుతున్నారు." సంఘం తరఫున అభినందనలు తెలిపారు.

గవరమ్మ ఏ చోటుకీ వెళ్లలేదు. చేతికందిన తీగ విసిరింది. నూకాలు తడిసి ముద్దై గట్టెక్కింది.

వంతెన మళ్లీ ఎలా అల్లాలని గుహలో అనుకున్నారో చిలకల్ని అడుగుదామని సంఘం వాళ్లు వెళ్తే పైడిరాజు నవ్వాడు. "కొత్త మాటలు ఉచితం. పాత మాటలకి ఇకపై వేటలో వాటా."

వాటా ఇచ్చేవాళ్లు లేక గుహ ఖాళీ అయింది. చిలకలు పగలూ రాత్రీ ఒకదానికొకటి పాత వాదనలు అప్పజెప్పుకుంటుంటే, పైడిరాజు చెవుల్లో ఆకులు దోపుకుని ఆ గుహే వదిలి పోయాడు.

ఈలోగా వంతెన లేక సగం మంది అటు గట్టున, సగం మంది ఇటు గట్టున చిక్కుకున్నారు. వేరే దారి లేక గొంతు చించుకుని అరుచుకున్నారు. "లాగు!" "వదులు!" "ముడి వెయ్!" అందరికీ వినిపించింది. చూస్తుండగానే వంతెన లేచింది.

"ఆహా, అరుపంత గొప్ప పద్ధతి లేదు!" అన్నాడు సన్యాసి. "అయితే ఏ గట్టు నుంచి అరవాలన్నది తేలాలి. ఉపసంఘం వేద్దాం. అధ్యక్షురాలిగా నూకాలు గారు..."

గవరమ్మ నూకాలు వైపు చూసింది. నూకాలు తల దించుకుంది. మీసాలు దువ్వుకుంది.

"అందరూ ఇంతగా కోరుతున్నారు కాబట్టి..." అంది.

తెలుసుకోవాల్సింది ఇంతే: మాట్లాడుకునే చోటు బాగా కుదిరితే, చెయ్యాల్సిన పని దానంతటదే మిగిలిపోతుంది.