పద్నాలుగు మానికల పరీక్ష

ఆ ఉదయం సూర్యాపేట బడిలో హెడ్మాస్టరు రామనర్సయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆయన వెళ్లేదాకా పిల్లలెవరూ చేతులు విప్పకూడదు, నోళ్లు మూయకూడదు. చదువు చెవిలోంచి లోపలికి పోయి నోట్లోంచి బయటికి రావాలని రామనర్సయ్య నమ్మకం. మధ్యలో చేతులకు పనేమీ లేదు గనుక ఆయన క్లాసులో పిల్లలు వాటిని కట్టుకుని కూర్చుంటారు. నాలుగో తరగతి ఇరవై మందీ "రెండు సోలలొక తవ్వ, రెండు తవ్వలొక మానిక" అని అరిస్తే అంగడి దాకా వినిపించేది. ఆ ఇరవై మందిలో ఒక్కరూ మానికతో గింజ కొలిచి ఎరగరు. ఆ సంగతి ఆయనకు పట్టదు.

రెండో తరగతి చెప్పే సువార్తమ్మ తీరు వేరు. చేత్తో పట్టి చూడనిదే పిల్లలకు ఏదీ బుర్రకెక్కదని ఆమె గట్టి నమ్మకం. అందుకే రెండు వారాలుగా పిల్లల చేత ఇళ్లలోని మానికలు తెప్పించి, బడి వెనక ఇసుక కొలిపిస్తోంది. ఇది చదువు కాదు, ఆట అని రామనర్సయ్య పైకి రాసేశాడు. ఆమెది టెంపరరీ నౌకరీ. ఉంచాలో పంపాలో ఇన్‌స్పెక్టరు ఆ రోజే తేలుస్తాడు. చివ్వెంలలో మంచం పట్టిన తల్లికి ఆ జీతమే ఆధారం. 

రోజూ తల్లులు బియ్యం కొలుచుకున్నాకే పిల్లలు మానికలు తెచ్చేవారు. ఆ రోజు తనిఖీ అనేసరికి ఉత్సాహం కొద్దీ తెల్లవారగానే ఎత్తుకొచ్చేశారు.

"ఇది బడా, బియ్యం దుకాణమా?" అంటూ రామనర్సయ్య పద్నాలుగు మానికలనూ గోనెసంచిలో వేయించాడు. సంచి బీరువాలో పట్టలేదు. బల్ల కింద పెడితే ఇన్‌స్పెక్టరు కాళ్లకు తగులుతుంది. చివరికి తానే నిచ్చెనెక్కి, సరిగ్గా తన కుర్చీకి పైనున్న అటక మీద పెట్టాడు.

"సారూ, ఇండ్లల్ల వంటకు కావాలె అవి" అంది సువార్తమ్మ.

"ఒక్క పూట కొలవకుంటే ఏమైతదమ్మా? ఊకో."

ఆయన వంటింటి ముఖం చూసిన మనిషి కాదు. కొలవకుండా ఎసట్లో బియ్యం పోసే ఇల్లాలు ఆ వాడలో లేదు. ఇన్‌స్పెక్టరు వచ్చి కూర్చున్న కాసేపటికే కొమురమ్మ, చంద్రమ్మ గుమ్మంలో నిలబడ్డారు.

"సారూ, ఎసరు మసులుతున్నది. మా మానికలేవి?"

రామనర్సయ్య గబుక్కున లేచాడు. "గీడ మానికలు గీనికలు లేవు. పోన్రి, పోన్రి!" అని తలుపు దగ్గరికి వేశాడు.

తలుపు సందులోంచి వాళ్లకు ప్యాంటు వేసుకున్న ఆఫీసరు కనిపించాడు. పాత సర్కారు మనుషులు లెవీ పేరిట ఇళ్లలోని ధాన్యం గుంజుకుపోయిన రోజులు అప్పటికింకా ఎవరూ మరవలేదు. "కొత్త సర్కారు మానికలు జప్తు చేస్తున్నది!" అంది కొమురమ్మ వీధిలోకి వస్తూనే. అంగడి దాటేసరికి ఆ జప్తులో చెంబులు, గుండిగలు కూడా చేరాయి. తెడ్లు పట్టుకుని ముప్పై మంది ఆడవాళ్లు బడి మీద పడ్డారు.

"ఏమిటండీ ఈ గొడవ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయనది కోదాడ.

"ఏం లేదు సాబ్, మా పిల్లల చదువు ఇనవచ్చిన్రు" అని రామనర్సయ్య పిల్లలకు సైగ చేశాడు. వాళ్లు గొంతు పెంచారు. ఆడవాళ్లు తలుపు తోసుకొచ్చి ఇంకా పెంచారు. అటక మీది సంచిలోంచి తొంగిచూస్తున్న మానిక కంటబడగానే కొమురమ్మ తెడ్డెత్తి అటక చెక్కను ఒక్కటి వేసింది. గోనెసంచి జారి రామనర్సయ్య తలపాగా మీద పడి చినిగింది. పద్నాలుగు మానికలూ గదంతా దొర్లాయి.

ఇన్‌స్పెక్టరు ఆయన వంక చూశాడు. రామనర్సయ్య గోడ వంక చూశాడు.

ఇక కొత్త గొడవ. అన్నీ ఒకే కమ్మరి చేసినవి, పైకి ఒకే తీరు. ఒక మానికను అటు కొమురమ్మ, ఇటు చంద్రమ్మ పట్టుకుని లాగుతున్నారు.

"మీకు కొలతలు బాగా వచ్చుగా. ఎవరిదేదో తేల్చండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు నాలుగో తరగతితో.

"రెండు సోలలొక తవ్వ!" అన్నారు ఇరవై మందీ.

"అది సరే, ఈ మానిక ఎవరిది?"

"రెండు తవ్వలొక మానిక!"

అప్పుడు గదిలో ఓ పక్కన కూర్చున్న సువార్తమ్మ క్లాసులోంచి ఎనిమిదేళ్ల సైదమ్మ లేచింది. "జర ఇటియ్యున్రి" అని మానిక తీసుకుని, అందరినీ బడి వెనక్కి తీసుకుపోయి, రోజూ కొలిచే బడి సోలతో ఇసుక పోసింది. "నాలుగు సోలలు పోసినంక ఇంక మూడు పిడికిళ్లు పట్టింది. ఇది చంద్రమ్మత్తది. కొమురమ్మవ్వది నాలుగు సోలలు గూడ పట్టది" అంది. తక్కిన పిల్లలూ ఇసుక మీద పడ్డారు. కాసేపట్లో ఎవరి మానిక వాళ్ల చేతికొచ్చింది. ఏ ఇంటిదీ సరిగ్గా నాలుగు సోలలు కాదని కూడా తేలింది.

"ముప్పై ఏండ్లసంది కొలుస్తున్న, నాకే తెల్వదు గీ సంగతి!" అని కొమురమ్మ ముక్కున వేలేసుకుంది.

"ఎవరు నేర్పారమ్మా నీకు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఎవ్వరు నేర్పలే. మేమే కొల్సినం. పంతులమ్మ పక్కన కూసొని సూసింది" అంది సైదమ్మ.

సువార్తమ్మ కళ్లు మూసుకుంది. నౌకరీ పోయిందనుకుంది.

"ఇరవై ఏళ్లుగా బళ్లు చూస్తున్నానమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "'మేమే తెలుసుకున్నాం' అన్న పిల్లను ఇవాళే చూశాను. ఇంతకన్నా ఏం నేర్పుతారండీ ఎవరైనా?" అక్కడే కాగితం తెప్పించి ఆమె నౌకరీ పర్మినెంటు చేయాలని రాసి సంతకం పెట్టాడు. ముప్పై తెడ్లూ గాల్లోకి లేచాయి. కొమురమ్మ సువార్తమ్మను అమాంతం వాటేసుకుంది. ఆమె ఏడుస్తూ నవ్వింది. ఇక మీదట అన్ని తరగతులకూ ఈ పద్ధతే అని హెడ్మాస్టరుకు హుకుం అందింది.

రామనర్సయ్య కూడా మనసారా మారాడు. మరుసటి నెల మిర్యాలగూడ ఉపాధ్యాయుల సభలో, పిల్లలు వినీ వినీ నేర్చుకోరనీ స్వయంగా చేసి నేర్చుకోవాలనీ గంటన్నర ఉపన్యసించాడు. అంతసేపూ ఎవరినీ కదలనివ్వలేదు.